హన్మకొండలో రోజువారీ అద్దె పోర్షన్: చూసిపోయేవాళ్లు బుక్ చేసేలా మార్చింది ఇలా

బుకింగ్ సైట్‌లో మన ఇంటి పేజీ చూస్తున్నారు, బుక్ చేయట్లేదు అంటే ముందు అనుమానించాల్సింది మొదటి ఫొటోనే. ట్యూబ్‌లైట్ వెలుగులో తీసిన మంచం ఏ ఊళ్లోనైనా ఉంటుంది. పొద్దున లైట్లు ఆర్పి, కర్టెన్లు తీసి, ఫోన్ అడ్డంగా నడుము ఎత్తులో పట్టుకుని గది మూల నుంచి తీయాలి. నేల మీద వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ (నూలు తివాచీ) ఒకటి పరిస్తే ఇది వరంగల్ ఇల్లని చెప్పక్కర్లేదు. ఫోన్‌లోని 0.5 (వైడ్) లెన్స్ మాత్రం వద్దు. చిన్న గది హాలంత కనిపిస్తుంది, వచ్చినవాళ్ల కోపమంతా రేటింగ్‌లో తేలుతుంది.

టైటిల్‌లో 'లగ్జరీ' తీసేసి '2 బెడ్‌రూంలు, కార్ పార్కింగ్, వేయి స్తంభాల గుడికి దగ్గర' అని పెట్టాను. వివరణలో కాజీపేట స్టేషన్ నుంచి ఆటోకి ఎంతవుతుందో, పొద్దున్నే బయల్దేరితే రామప్ప గుడి, లక్నవరం చెరువు ఒకే రోజులో ఎలా చూడొచ్చో రాశాను. రామప్ప 2021లో యునెస్కో జాబితాకెక్కింది, ఆ పేరుతో వెతికేవాళ్లకు మన పేజీ కనబడాలి కదా.

కొత్త పేజీకి రివ్యూలు ఉండవు కాబట్టి మొదటి ఐదారు వచ్చేదాకా చుట్టుపక్కల రేటు కంటే 15 శాతం తక్కువ పెట్టడం మేలు. ఆ తర్వాత శుక్ర, శనివారాలకు వేరే రేటు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజులకు కనీసం 2 రాత్రుల షరతు పెట్టకపోతే మధ్యలో ఖాళీ రోజులు మిగులుతాయి.

ఇంట్లో తప్పక ఉంచాల్సినవి: మంచానికి 3 దుప్పట్ల సెట్లు, బాత్రూంలో బకెట్, మగ్గు, ఎండాకాలానికి ఇన్వర్టర్. విదేశీయులొస్తే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి ఇవ్వాలి.