ఆయాసం ఉన్నా నడక మానకుండా ఉండాలంటే

సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు నాలుగు మెట్లెక్కి ఆగిపోయి, గాలి అందట్లేదు అంటారు. నిజానికి చాలావరకు గొడవంతా బయటికి పోని గాలితోనే. శ్వాసనాళాలు సన్నబడ్డాయి కాబట్టి ఊపిరి వదలడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. కూర్చుని ఉంటే ఆ టైమ్ దొరుకుతుంది. వేగంగా నడిచేసరికి పాత గాలి పూర్తిగా పోకముందే కొత్తది పీల్చాల్సి వస్తుంది, అలా ప్రతిసారీ కొంచెం కొంచెం మిగిలిపోయి ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, వాటి కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రం, అంటే ఊపిరి పీల్చే ముఖ్య కండరం, చదునైపోయి సరిగ్గా పనిచేయలేకపోతుంది. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తున్నట్టే.

అందుకే ముందు వదలడం నేర్చుకోండి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదాలు ముడిచి నాలుగు అంకెలసేపు మెల్లగా వదలాలి. బలంగా ఊదక్కర్లేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, అంటే కష్టపడే క్షణంలోనే వదలాలి. చాలామంది సరిగ్గా అప్పుడే ఊపిరి బిగబడతారు!

ఇక కాళ్ల సంగతి. ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే తొడ కండరాలు నీరసించి, చిన్న పనికి కూడా ఎక్కువ గాలి కావాలంటాయి, దాంతో ఇంకా ఆయాసం, ఇంకా టెన్షన్. పాడైన ఊపిరితిత్తులు మామూలు కావు గానీ కాళ్లకు బలం మళ్లీ తెచ్చుకోవచ్చు, నన్నడిగితే శ్రమంతా పెట్టాల్సింది అక్కడే.

డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. నడకకు ముందు ఇన్‌హేలర్ వాడమని చెప్పి ఉంటే వాడండి. ఒక నిమిషం నడక, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ నడక, ఏకబిగిన పది నిమిషాలు నడవాలన్న పంతం వద్దు. ఆయాసానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకుంటే నాలుగు దగ్గర ఉండాలి, ఆగి ఆగి అయినా మాట్లాడగలగాలి. ఎక్కువైతే ముందుకు వంగి చేతులు బల్ల మీదో తొడల మీదో ఆనించండి. పల్మనరీ రిహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి నిపుణులు దగ్గరుండి వ్యాయామం, శ్వాస పద్ధతులు నేర్పే కార్యక్రమం) అందుబాటులో ఉంటే వదులుకోవద్దు, మామూలుగా 6 నుంచి 12 వారాలు ఉంటుంది.

వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 95 శాతం ఉన్నా ఆయాసం రావచ్చు, అది మీ ఊహ కాదు, లోపల ఇరుక్కున్న గాలి పని. అదే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఫైబ్రోసిస్‌లో అయితే నడిచినప్పుడు ఆక్సిజన్ గబుక్కున పడిపోవచ్చు, కాబట్టి ఎంతకి తగ్గితే ఆగాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపేయాలి, కూర్చున్నాక కూడా తగ్గకపోతే ఆసుపత్రికే.