ఉరిశిక్ష పడ్డ ఖైదీ తరఫున పూజ, ప్రార్థన, అంత్యక్రియల హక్కు ఎలా అడగాలి?

2020 ఫిబ్రవరిలో హాజీపూర్ కేసులో, 2025 మార్చిలో మిర్యాలగూడ పరువు హత్య కేసులో నల్లగొండ కోర్టులు ఉరిశిక్ష విధించాయి. ఇలాంటి తీర్పు వచ్చిన రోజు జనం మనసంతా బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ల వైపే ఉంటుంది. అలా ఉండటమే న్యాయం. కానీ శిక్ష పడ్డవాడికీ తల్లో, భార్యో, చెల్లెలో ఉంటారు. ఇక మీద వాళ్లు చేయగలిగిన పనులు కొన్నే, ఖైదీ పూజకు, ప్రార్థనకు, అంత్యక్రియలకు అనుమతి అడగడం వాటిలో ఒకటి. ఈ వ్యాసం వాళ్ల కోసం.

కోర్టు వేసిన శిక్ష ప్రాణానికి సంబంధించింది. దేవుణ్ణి తలుచుకోవద్దని ఏ తీర్పులోనూ ఉండదు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛ జైలు లోపల కూడా వర్తిస్తుంది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు అందరికీ ఉన్నట్టే ఖైదీకీ ఉంటాయి, జైలు భద్రత నియమాలు వాటికి తోడవుతాయి. ఈ హక్కును కాపాడుకోవాలంటే తొందరగా అడగాలి, కాగితం మీద అడగాలి.

1. తీర్పు వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి

జిల్లా కోర్టు ఉరి అన్నంత మాత్రాన ఉరి కాదు. ఆ శిక్షను హైకోర్టు ఖరారు చేయాలి. తర్వాత సుప్రీంకోర్టు అప్పీలు, రివ్యూ, ఆ పైన క్షమాభిక్ష. దీనికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆ మనిషి జైల్లో బతికే ఉంటాడు, పండగలొస్తాయి, ఉపవాసాలొస్తాయి. అందుకే చివరి రోజుల కోసం ఆగకూడదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్ల నుంచి ఇలాంటి ఖైదీలను సాధారణంగా హైదరాబాద్ వైపు సెంట్రల్ జైళ్లకు, అంటే చర్లపల్లికో చంచల్‌గూడకో, పంపుతారు. ఏ జైలు, ఖైదీ నెంబర్ ఎంత, ములాఖత్ ఏ రోజుల్లో అన్నవి ముందు రాసిపెట్టుకోండి.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, అప్పీళ్లు, క్షమాభిక్ష అన్నీ ముగిసి శిక్ష అమలు చేయదగ్గ స్థితికి వచ్చేదాకా ఆ ఖైదీని ‘ఉరికి సిద్ధంగా ఉన్నవాడి’గా లెక్కగట్టి ఒంటరి గదిలో పడేయకూడదు. కాబట్టి జైల్లో మిగతావాళ్లు కలిసి నమాజు చేసుకుంటున్నా, ఆదివారం ప్రార్థన పెట్టుకున్నా, ‘ఇతనికి ఉరిశిక్ష పడింది’ అన్న ఒక్క కారణంతో పక్కన పెట్టేస్తే దాన్ని ప్రశ్నించవచ్చు.

2. ఏం కావాలో ఆ మనిషినే అడగండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఇంట్లోవాళ్లు తమ నమ్మకాన్ని ఖైదీ నమ్మకం అనుకుంటారు. జైలువాళ్లు రిజిస్టర్‌లో ఉన్న మతాన్ని చూస్తారు. ఈ రెండూ ఖైదీ మనసులో ఉన్నదానితో కలవాలని లేదు.

మన పల్లెల్లో ఇది మరీ సున్నితమైన సంగతి. ఎస్సీ సర్టిఫికెట్ హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే వర్తిస్తుంది కాబట్టి, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే ఎన్నో కుటుంబాలు కాగితాల్లో హిందువులుగానే ఉంటాయి. జైలు రిజిస్టర్‌లోనూ అదే పడుతుంది. ఆ తర్వాత పాస్టర్‌ను పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. అలాంటప్పుడు రిజిస్టర్‌లో మతం మార్చమని అడగక్కర్లేదు. ‘నాకు ఫలానా పాస్టర్‌తో ప్రార్థన చేసుకోవాలని ఉంది’ అని ఖైదీ రాసిస్తే చాలు. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 65వది ఏ మతం ప్రతినిధినైనా కలిసే అవకాశాన్ని కాదనకూడదంటుంది.

అచ్చంపేట, దేవరకొండ తండాల నుంచి వెళ్లినవాళ్లకు సేవాలాల్ మహరాజ్ ఫోటో కావాలనిపించవచ్చు. ఇంకొకరికి ఇంటి ఇలవేల్పు మైసమ్మ పటం కావాలి. పెద్ద గుడి దేవుడైతేనే మతం అని ఎక్కడా లేదు. అధికారికి అర్థం కాకపోతే ఇది మా ఇంటి ఆచారం అని రెండు వాక్యాల్లో రాయండి.

జైల్లో మతం మారిన వాళ్లూ ఉంటారు. అమ్మానాన్నలకు అది కష్టంగా ఉంటుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అక్కడ చెల్లేది ఖైదీ మాటే. అలాగే ‘నాకు ఏ పూజారీ వద్దు, ఏ ప్రార్థనా వద్దు’ అన్నా ఆ మాటనే పట్టించుకోవాలి. మండేలా నియమాలు అదీ చెబుతాయి. ములాఖత్‌లో ఏడ్చి ఒప్పించే ప్రయత్నం చేయకండి.

3. దరఖాస్తు రాయండి

తెలుగులో రాయవచ్చు, ఉర్దూ కూడా తెలంగాణలో అధికార భాషే. ఒకటి ఖైదీ లోపలి నుంచి ఇవ్వాలి, ఇంకొకటి మీరు బయటి నుంచి ఇవ్వాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

‘సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు. నేను ఖైదీ నెంబర్ ఫలానా వ్యక్తి తల్లిని. మా అబ్బాయి కోరిక మీద ఈ దరఖాస్తు ఇస్తున్నాను. రోజూ చదువుకోవడానికి ఒక బైబిల్, నెలకోసారి మా ఊరి చర్చి ఫాదర్‌తో కలిసే అవకాశం ఇప్పించగలరు. రంజాన్, క్రిస్మస్, ఉగాది లాంటి రోజుల్లో జైల్లో సామూహిక ప్రార్థన ఉంటే అందులో అతన్ని కూడా కూర్చోనివ్వగలరు. మీరు ఒప్పుకోలేకపోతే కారణం రాసివ్వగలరు.’

చివరి వాక్యం మర్చిపోకండి. కారణం రాసివ్వమని అడిగిన కాగితానికి ఉండే బరువు వేరు. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

4. వస్తువులు

కేంద్ర హోంశాఖ 2016లో రాష్ట్రాలకు పంపిన మోడల్ జైలు మాన్యువల్‌లో ఉరిశిక్ష పడ్డ ఖైదీకి మతగ్రంథాలు, దేవుడి పటాలు, జపమాల, ముఖ్యమైన మతచిహ్నాలు ఇవ్వవచ్చని ఉంది. భద్రతకు ఇబ్బంది లేకపోతేనే అన్న షరతు కూడా ఉంది. మీ దరఖాస్తు ఆ షరతును దాటేలా ఉండాలి. గట్టి తాడున్న మాల బదులు సన్న దారంతో చిన్న తస్బీహ్ (ముస్లింల జపమాల), లోహపు శిలువ బదులు కాగితం మీద అచ్చైన పటం, అద్దం ఫ్రేమ్ లేని ఫోటో అడగండి. దీపం, అగరుబత్తి సెల్‌లోకి ఇస్తారని ఆశపడొద్దు. బండారి, విభూతి, కుంకుమ లాంటి పొడులను గేటు దగ్గర ఆపేసే అవకాశం ఎక్కువ, ముందే అడిగి తీసుకెళ్లండి.

5. గురువును ముందే మాట్లాడిపెట్టండి

ఊళ్లో చాలామంది పూజారులు, ఇమాములు, పాస్టర్లు జైలు అంటే జంకుతారు. పత్రికల్లో పేరొస్తుందేమోనన్న టెన్షన్ ఉంటుంది. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి. క్యాథలిక్కులైతే నల్లగొండలో మేత్రాసనం (బిషప్ కార్యాలయం) ఉంది, అక్కడ అడగండి. వచ్చే వ్యక్తి ఆధార్ కాపీ, ఫోటో, ఆయన ఏ గుడి, మసీదు, చర్చికి చెందినవారో తెలిపే లేఖ జతచేయండి. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం లాంటివి కావాలంటే అవి ఎలా చేస్తారో, ఎంతసేపు పడుతుందో ఆయన చేతే రాయించండి.

ఖైదీ కోరితే ఉరి సమయంలో అతని మతగురువును అక్కడ ఉండనివ్వవచ్చని కూడా మోడల్ మాన్యువల్ చెబుతుంది, అది సూపరింటెండెంట్ విచక్షణ. బంధువులను మాత్రం ఉండనివ్వరు.

ఆలస్యం ఎంత పని చేస్తుందో అమెరికాలో జరిగినదాన్ని బట్టి తెలుసుకోవచ్చు. 2019 ఫిబ్రవరిలో అలబామాలో డొమినిక్ రే అనే ముస్లిం ఖైదీ తన ఇమామును పక్కన ఉండనివ్వమన్నాడు. అక్కడ జైలు క్రైస్తవ గురువుకే ఆ గదిలోకి అనుమతి ఉండేది. అమెరికా సుప్రీంకోర్టు 5-4తో, ఆలస్యంగా అడిగాడన్న కారణంతో శిక్ష అమలుకు దారి ఇచ్చింది. ఇమాము పక్కన లేకుండానే అతను చనిపోయాడు. 2022లో టెక్సస్ ఖైదీ జాన్ రమిరెజ్ కేసులో అదే కోర్టు 8-1తో పాస్టర్ చేయి వేసి బిగ్గరగా ప్రార్థించాలన్న కోరిక వైపు నిలిచింది. ఆ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు. ముందే అడగాలన్నది మాత్రం ఇక్కడా అంతే.

6. క్షమాభిక్ష, ఆ 14 రోజులు

భారతీయ నాగరిక సురక్ష సంహిత 472వ సెక్షన్ ప్రకారం, సుప్రీంకోర్టులో ఓడిపోయిన సంగతి జైలు సూపరింటెండెంట్ తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లో క్షమాభిక్ష కోరాలి. ఖైదీ గానీ బంధువులు గానీ పెట్టవచ్చు. ముందు గవర్నర్‌కు పెట్టుకుంటే, అక్కడ తిరస్కరించాక 60 రోజుల్లో రాష్ట్రపతికి పెట్టాలి.

2013 ఫిబ్రవరి 9న తిహార్ జైల్లో అఫ్జల్ గురును ఉరితీశారు. కుటుంబానికి పంపిన స్పీడ్ పోస్టు ఉరి అయిపోయాక చేరింది. శవాన్ని జైల్లోనే పూడ్చారు. మరుసటి ఏడాది జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, క్షమాభిక్ష తిరస్కరణ తెలిపిన తేదీకీ ఉరి తేదీకీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలని తేల్చింది. ఖైదీ మనసు సిద్ధం చేసుకోవడానికి, దేవుడికి చెప్పుకోవాల్సింది చెప్పుకోవడానికి, వీలునామా రాసుకోవడానికి, ఇంటివాళ్లను చివరిసారి చూసుకోవడానికి ఆ గడువు అని కోర్టే చెప్పింది. తిరస్కరణ సంగతి కుటుంబానికి కూడా రాతపూర్వకంగా తెలపాలి. ఇల్లు మారితే, ఫోన్ నెంబర్ మారితే ఆ రోజే జైలుకు తెలియజేయండి.

7. శవం, అంత్యక్రియలు

ఖైదీ మతాచారం ప్రకారమే అంత్యక్రియలు జరగాలన్నది మోడల్ మాన్యువల్ మాట. శవాన్ని ఇంటికి ఇవ్వడం సూపరింటెండెంట్ నిర్ణయం. ఊరేగింపు, గుంపు లేకుండా కార్యం చేసుకుంటామని హామీపత్రం అడుగుతారు. ఇచ్చేయండి, అందులో పరువు తక్కువ ఏమీ లేదు. 2015 జూలై 30న నాగ్‌పూర్‌లో ఉరితీసిన యాకూబ్ మెమన్ శవాన్ని కుటుంబానికి అప్పగించారు, ముంబైలో అదే రోజు ఖననం జరిగింది.

శత్రుఘ్న చౌహాన్ తీర్పు తర్వాత పోస్టుమార్టం తప్పనిసరి. గుసుల్ (శవానికి స్నానం), కఫన్ (శవానికి చుట్టే బట్ట), జనాజా నమాజు వేళలు దానికి తగ్గట్టు అనుకోండి. కాల్చాలా, బొంద పెట్టాలా అన్నది కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది కాబట్టి దరఖాస్తులో విడిగా రాయండి. తలకొరివి ఎవరు పెడతారో కూడా రాయండి. గద్వాల, అచ్చంపేట దూరం, బండి ముందే మాట్లాడాలి. ఊళ్లో శ్మశానం దగ్గర గొడవ జరుగుతుందనుకుంటే పెద్దమనుషులతో, పోలీసులతో ముందే మాట్లాడండి. హత్యకు గురైనవాళ్ల కుటుంబం అదే ఊళ్లో ఉంటే వాళ్ల ఇంటి ముందు నుంచి శవాన్ని తీసుకెళ్లొద్దు.

8. కాదంటే

జైల్లో ఉన్నవారెవరికైనా, ఆదాయంతో పని లేకుండా, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఉచిత లాయర్‌ను ఇస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల ఆవరణల్లో జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. 15100కు ఫోన్ చేసినా పలుకుతారు. జైళ్ల శాఖ పై అధికారికి అప్పీలు పెట్టండి, జిల్లా జడ్జి జైలు తనిఖీకి వచ్చినప్పుడు ఖైదీ స్వయంగా చెప్పుకోవచ్చు. అప్పటికీ కాకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. స్టాంపు పడ్డ దరఖాస్తు, తిరస్కరణ కాగితం ఉంటే లాయర్ పని సగం తేలికవుతుంది. ఆ 14 రోజులు మొదలయ్యేదాకా ఆగకుండా, ఇంట్లో ఒకరు ఇప్పుడే వకాలత్ మీద సంతకం చేసి లాయర్ దగ్గర ఉంచితే, రాత్రికి రాత్రి హైదరాబాద్ పరుగెత్తే పని తప్పుతుంది.