ఉద్యోగం వదలకుండా యూనిఫాం వేసుకోవాలంటే

ఎయిర్‌ఫోర్స్‌లో పార్ట్‌టైమ్ చేరొచ్చా అని చాలామంది అడుగుతారు. దానికోసం 1952లోనే రిజర్వ్, ఆక్సిలరీ (సహాయక) వాయుసేనల చట్టం వచ్చింది గానీ, హన్మకొండలో ఉద్యోగమో వరంగల్‌లో వ్యాపారమో చేసుకునేవాళ్లకు ఈరోజు నిజంగా పనికొచ్చే దారి టెరిటోరియల్ ఆర్మీ, అంటే సొంత పని చేసుకుంటూనే ఏడాదిలో కొన్నాళ్లు సైన్యంలో పనిచేసే దళం.

ఆఫీసర్ కావాలంటే డిగ్రీ, 18 నుంచి 42 ఏళ్ల వయసు, సొంత సంపాదన ఉండాలి. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అవకాశం లేదు. రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లిష్‌తో రాత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ, ఎస్ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పరీక్షలు), మెడికల్. నోటిఫికేషన్ వచ్చాక చదువుదాంలే అనుకోకండి, డ్యూటీ అయ్యాక రోజూ గంట ఇప్పటినుంచే కూర్చోండి, పొద్దున అయిదింటికి జేఎన్ఎస్ స్టేడియంలోనో భద్రకాళి బండ్ మీదనో పరుగు మొదలుపెట్టండి, ఎందుకంటే ముప్పై దాటిన మోకాళ్లు నెల రోజుల్లో తయారు కావు.

అసలు కష్టం ఎంపికయ్యాకే. ఏడాదికి సుమారు రెండు నెలలు ట్రైనింగ్‌కు పోవాలి, అవసరమైతే పిలుపు వస్తుంది, అది బతుకమ్మ రోజుల్లోనో వరి కోతలప్పుడో పడొచ్చు. అందుకే ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడండి: పొలం ఎవరు చూస్తారు, ఈఎంఐ ఎలా కట్టాలి, అమ్మను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు. జీతం సర్వీసులో ఉన్న రోజులకే, కాబట్టి దీన్నే బతుకుదెరువు అనుకోవద్దు. మీ ఆఫీసులో మేనేజర్‌కు ఈ సంగతి కాగితం మీద రాసివ్వండి, టెన్షన్ వద్దు, సర్వీసుకు పిలిస్తే వెళ్లొచ్చినవాళ్లను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలని 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టమే చెబుతోంది.