విశాఖ ఉక్కపోతలో పిల్లలతో బ్రెడ్: తేడా ఎక్కడొచ్చింది, ఏం చేయాలి

మేము చేసిన మొదటి బ్రెడ్‌ని మా చిన్నోడు టేబుల్ మీద కొట్టి చూస్తే టక్కుమంది. వాళ్లక్క దానికి "ఇటుక" అని పేరు పెట్టేసింది. అది మే నెల మధ్యాహ్నం. మాది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, వంటగదికి పడమటి కిటికీ. ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు ఏదో ఒక తేడా వచ్చింది. కారణాలు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, వీడియోల్లో చెప్పే నీళ్లూ నిమిషాలూ సముద్రం పక్కనున్న మన ఊరి గాలికి సరిపోవు. పైగా పిల్లల చేతులు పిండిలో ఉంటే కొలతలు ఎటూ కదలకుండా ఉండవు. అందుకే కింద గడియారం గురించి తక్కువగా, పిండిని చూడటం గురించి ఎక్కువగా చెప్పాను.

ముందు మా కొలత: మైదా 300 గ్రాములు, నీళ్లు 185 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూన్ (సుమారు 3 గ్రాములు), ఉప్పు గుట్టగా కాకుండా సమంగా ఒక టీస్పూన్, పంచదార ఒక టేబుల్‌స్పూన్, నూనె ఒకటిన్నర టేబుల్‌స్పూన్. 8 అంగుళాల టిన్‌కి ఇది సరిపోతుంది. ఓవెన్ 190 డిగ్రీలు. టిన్ అయితే 30 నుంచి 35 నిమిషాలు, చిన్న బన్నులైతే 15 నుంచి 18. ఆరేడేళ్ల పిల్లలతో మొదలుపెట్టేవాళ్లు మొదటి నెల బన్నులే చేయండి. ఎవరి బన్ను వాళ్లది కాబట్టి కొట్టుకోరు, ఒకటి చెడినా మిగతావి ఉంటాయి.

ఈస్ట్‌ని నీళ్లలో కలిపి పావుగంట అయింది, నురగ లేదు

నీళ్లు బాగా వేడిగా ఉండి ఉండాలి, లేదా ఈస్ట్ చచ్చిపోయి ఉండాలి. ఈస్ట్ ప్రాణి. 55 డిగ్రీలు దాటితే బతకదు. "గోరువెచ్చగా" అంటే పిల్లలకి అర్థం కాదు. మా ఇంట్లో లెక్క ఇది: వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టాలి, చురుక్కుమనకూడదు, చల్లగానూ ఉండకూడదు. ముందు పెద్దవాళ్లు వేలు పెట్టాకే పిల్లలు పెట్టాలి.

నీళ్లు బాగానే ఉన్నా నురగ రాకపోతే ప్యాకెట్ తెరిచి ఎన్నాళ్లయిందో చూడండి. మన వంటగదిలో ఉప్పు డబ్బానే చెమ్మగిల్లి గడ్డకడుతుంది, ఇక తెరిచిన ఈస్ట్ ప్యాకెట్ రబ్బరు బ్యాండ్ చుట్టి అలమారలో పెడితే ఏం మిగులుతుంది? గట్టి మూత ఉన్న చిన్న సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. నిజానికి ఇన్‌స్టంట్ ఈస్ట్‌ని నీళ్లలో నానబెట్టాల్సిన పనే లేదు, నేరుగా మైదాలో కలపొచ్చు. కానీ నురగ పొంగడం చూడటమే మా చిన్నోడికి సగం ఆట. పైగా ఈస్ట్ పనికిరాదని ఇక్కడే తెలిస్తే 300 గ్రాముల మైదా మిగులుతుంది.

పిండి చేతులకి అంటుకుపోతోంది

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే, అందరూ తప్పుగా సరిచేసేదీ దీన్నే. పిండి అంటుకోగానే చెయ్యి మైదా డబ్బా వైపు పోతుంది. పిల్లలైతే గుప్పిళ్లతో చల్లేస్తారు. అంటుకోవడం ఆగుతుంది, కానీ కాసేపటికి పిండి గట్టిపడి బ్రెడ్ ఇటుక అవుతుంది. మా మొదటి ఇటుక అలా వచ్చిందే.

అసలు అంటుకోవడానికి కారణాలు మూడు. మొదటిది గాలిలో తేమ. వానాకాలంలో మైదా డబ్బాలో ఉండగానే కొంత తేమ పీల్చుకుంటుంది, కాబట్టి అదే 185 మి.లీ. నీళ్లు ఆగస్టులో ఎక్కువైపోతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా 170 మాత్రమే పోసి, మిగతాది పక్కన పెట్టుకుని, కావాలనిపిస్తే చెంచా చెంచాగా కలపండి. రెండోది కప్పు కొలత. కప్పుని డబ్బాలో గుచ్చి తీస్తే మైదా కుక్కుకుని 150 గ్రాములు పడుతుంది, చెంచాతో వదులుగా పోస్తే 120. పిల్లలు ఒకసారి గుచ్చుతారు, ఒకసారి పోస్తారు. వంటింటి త్రాసు కొనుక్కోవడం మంచిది. అంకె 300కి రాగానే ఆపమంటే ఆరేళ్ల పిల్లలు కూడా మహా శ్రద్ధగా ఆపుతారు.

మూడో కారణం తొందర. నీళ్లు కలిపిన వెంటనే ఏ పిండైనా అంటుకుంటుంది. చపాతీ పిండిని కలిపి మూతపెట్టి నాననిస్తాం కదా, ఇదీ అంతే. పొడి కనిపించకుండా కలిపి, తడిగుడ్డ కప్పి, 20 నిమిషాలు వదిలేయండి. ఈలోగా పిల్లల చేతులు కడిగించి రావచ్చు. తిరిగొచ్చేసరికి అదే పిండి సగం దారికొచ్చి ఉంటుంది. అప్పుడు చేతికి నూనె రాసుకుని పిసకాలి, మైదా కాదు. అరచేత్తో ముందుకి తోసి, మడిచి, పావు తిప్పి, మళ్లీ తోయాలి. పెద్దవాళ్లు పది నిమిషాలు పిసకాలి. పిల్లలు పిసికితే పదిహేను అనుకోండి, వాళ్లు మధ్యలో పిండితో పాము చేస్తారు. చిన్న ముద్ద తీసి రెండు చేతులతో సాగదీస్తే చిరక్కుండా, వెలుతురు కనిపించేంత పలచటి పొర రావాలి. ఆ పొరని కిటికీకి పెట్టి చూసే పని మా అమ్మాయిది.

సగం గోధుమపిండి వాడేవాళ్లకి ఇంకో మాట. దాని తవుడు నీళ్లు నెమ్మదిగా తాగుతుంది, కాబట్టి మొదట అంటుకున్నా నానాక గట్టిపడుతుంది. రెండు మూడు చెంచాల నీళ్లు ఎక్కువే పోయండి, అరగంట నాననివ్వండి.

పచ్చి పిండి నోట్లో పెట్టుకోనివ్వకండి. పచ్చి మైదాలోనూ కడుపుకి పడని క్రిములు ఉండొచ్చు.

బాగా పొంగింది, ఓవెన్‌లో పెట్టాక కుంగిపోయింది

పొంగడం ఎక్కువైంది. వంటల పుస్తకాల్లో రాసే "గంటన్నర" చల్లటి వంటగదుల లెక్క. మేలో మా వంటగది 33 డిగ్రీలు దాటుతుంది, పిండి 40 నిమిషాల్లోనే రెట్టింపు అవుతుంది. ఇంకా వదిలేస్తే గాలి బుడగలు పెద్దవై, పిండి పొరలు నీరసించి, ఓవెన్ వేడికి చప్పబడిపోతాయి. ముక్కుతో కూడా తెలుస్తుంది: పుల్లటి కల్లు వాసన వస్తే ఆలస్యమైనట్టే. ఇడ్లీ పిండి ఎండాకాలం రాత్రి గిన్నెలోంచి పొంగి పొయ్యి మీదకి రావడం చూసిన ఇంటికి ఇది కొత్త కాదు.

మేము చేసే ఉపాయం: నిమ్మకాయంత ముద్దని నిలువుగా ఉండే గాజు గ్లాసులో నొక్కి, అది ఉన్న ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండ్ పెడతాం. రెట్టింపు ఎత్తు దగ్గర ఇంకో బ్యాండ్. గ్లాసులో ముద్ద పై బ్యాండ్‌ని తాకితే గిన్నెలోదీ అయినట్టే. కాపలా పిల్లలది. ఇది మొదలయ్యాక "ఎంతసేపు అమ్మా" అనే ప్రశ్న మాయమైంది.

గిన్నెలో ఒకసారి పొంగాక పిండిని చుట్టి టిన్‌లో పెట్టి మళ్లీ పొంగనిస్తాం. ఆ రెండోసారికి వేలితో పరీక్ష. తడి వేలితో అర అంగుళం నొక్కండి. గుంట వెంటనే పూడితే ఇంకా టైముంది. నెమ్మదిగా సగం పూడితే ఓవెన్‌లోకి. అసలు పూడకపోతే దాటిపోయింది. దాటినా కంగారు లేదు, గాలి తీసేసి, మళ్లీ చుట్టి, 20 నిమిషాలు ఆగి కాల్చండి. వాసన మరీ పుల్లగా ఉంటే మందంగా ఒత్తి, పెనం మీద వెల్లుల్లి, వెన్నతో కాల్చేయండి. మా ఇంట్లో అది బ్రెడ్ కంటే తొందరగా అయిపోతుంది.

ఎండాకాలం పిండిని ఫ్రిజ్ నీళ్లతో కలిపితే కాస్త ఊపిరి దొరుకుతుంది, కాకపోతే అప్పుడు ఈస్ట్‌ని నేరుగా మైదాలోనే కలపాలి. మధ్యలో కరెంటు పోతే గిన్నెని ఫ్రిజ్‌లోకి నెట్టి తలుపు తెరవకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది, గంట కోతకి టెన్షన్ ఎందుకు? ఇంకా రాకపోతే కుక్కర్ ఉంది, కింద చెబుతాను.

అసలు పొంగనే లేదు

ఈస్ట్ పరీక్ష పాసైతే అనుమానం ఉప్పు మీదే. పిల్లలు "నేను వేశా", "నేనూ వేశా" అని రెండుసార్లు వేసేస్తారు. ఉప్పు ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది. ఉప్పూ పంచదారా ముందే వేర్వేరు గిన్నెల్లో కొలిచి పెడితే గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదే సాక్ష్యం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మాత్రం పొంగకపోవడానికి చలే కారణం. ఆపి ఉన్న ఓవెన్‌లో వేడినీళ్ల గ్లాసు పక్కన పెట్టండి.

ఉప్పు పూర్తిగా మర్చిపోతే? టిన్‌లో పెట్టకముందు గుర్తొస్తే చెంచా నీళ్లలో కరిగించి పిండిలో పిసికేయండి. కాల్చాక గుర్తొస్తే బ్రెడ్ ఉప్మా.

పక్కన పగిలి లోపలి పిండి బయటికి వచ్చింది

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చిన వారం మా చిన్నోడు సబ్‌మెరైన్ బ్రెడ్ చేశాడు. ఓవెన్‌లోంచి అది పొట్ట పగిలి వచ్చింది, వాడు దాన్ని "టార్పెడో తగిలింది" అని సరిపెట్టుకున్నాడు. కారణం: రెండోసారి సరిగ్గా పొంగకముందే కాల్చేశాం, పైన గాటు పెట్టలేదు. వేడికి లోపలి పిండి ఒక్కసారిగా పెరుగుతుంది, పైపొర అప్పటికే గట్టిపడి ఉంటుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. ఆ చీలేచోటు మనమే నిర్ణయించాలి. పదునైన కత్తితో పైన సెంటీమీటరు లోతు గాటు పెట్టండి. ఇది పెద్దవాళ్ల పని.

ఇలాంటి ఆకారాలతో ఇంకో చిక్కు. చలికాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల బొమ్మలతో బన్నులు చేస్తే కాళ్లు మాడతాయి, పొట్ట పచ్చిగా ఉంటుంది. కాళ్లు పిల్లల బొటనవేలంత లావు ఉండాలి, కొంత పొట్ట కిందికి దూర్చాలి.

పైన నల్లబడింది, లోపల పచ్చి

చిన్న ఓటీజీల్లో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లు) పై కాయిల్ బ్రెడ్‌కి బాగా దగ్గరగా ఉంటుంది. టిన్‌ని కింది అరలో పెట్టి, 20 నిమిషాలకి పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి. ముందు 15 నిమిషాలు ఖాళీ ఓవెన్ వేడెక్కాలి. ఉడికిందో లేదో తెలియాలంటే టిన్‌లోంచి తీసి అడుగున వేలితో తట్టాలి. డొల్లగా, డోలు మీద తట్టినట్టు మోగితే అయింది. థర్మామీటర్ ఉంటే మధ్యలో 93 డిగ్రీలు రావాలి.

లోపల జిగటగా ఉన్నవన్నీ పచ్చివి కావు. చాలావాటిని పిల్లలు ఆగలేక వేడిమీదే కోసేస్తారు. కనీసం గంట చల్లారాలి. బోర్లించిన జల్లెడ మీద పెడితే కింద కూడా గాలి తగులుతుంది. టిన్‌లోనే వదిలేస్తే మన ఉక్కపోతకి అడుగు చెమర్చి మెత్తబడుతుంది. ఆ గంటకోసమే నాలుగు బన్నులు వేరుగా చేయండి, అవి ఇరవై నిమిషాల్లో తినొచ్చు.

కుక్కర్‌లో చేస్తే అడుగు మాడింది, పైన తెల్లగా ఉంది

రబ్బరూ విజిలూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. అడుగున అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, దాని మీద స్టాండ్, 10 నిమిషాలు వేడి చేశాక టిన్, తర్వాత సన్నటి సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు. మాడితే సెగ ఎక్కువైనట్టు. పైన తెల్లగా ఉండటం మాత్రం తప్పు కాదు, పైనుంచి సెగ రాదు కదా. వెన్న రాసిన పెనం మీద రెండు నిమిషాలు బోర్లిస్తే రంగొస్తుంది. పాత కుక్కరే వాడండి.

బేకరీ బ్రెడ్‌లా మెత్తగా లేదు

ఉండదు. బేకరీల్లో పిండిని మెత్తబరిచే పొడులు వాడతారు. ఒకప్పుడు అందులో వాడిన పొటాషియం బ్రోమేట్‌ని మన దేశంలో 2016లో నిషేధించారు. ఇంట్లో మెత్తదనానికి గంజి చాలు. 300 గ్రాముల మైదాలోంచి 20 గ్రాములు తీసి, 185 మి.లీ. నీళ్లలోంచి 100 మి.లీ.తో కలిపి, సన్నటి సెగ మీద గంజిలా చిక్కబడేదాకా తిప్పి, పూర్తిగా చల్లార్చి పిండిలో కలపండి. ఉడికిన గంజి నీటిని పట్టి ఉంచుతుంది, రెండు రోజులైనా ఎండదు. కాల్చగానే పైన వెన్న రాసి పలచటి గుడ్డ కప్పితే పెచ్చు కూడా మెత్తబడుతుంది.

మూడో రోజుకి బూజు, లేదా వింత వాసన

బూజు కంటికి కనిపిస్తుంది. ఒక్క ముక్క మీదే ఉన్నా అంతా పారేయాలి, గీకి తినకూడదు. రెండోది కాస్త మోసకారి: బ్రెడ్ పైకి బాగానే ఉంటుంది, విరిస్తే లోపల జిగటగా తీగలు సాగుతాయి, మాగిపోయిన అనాసపండు వాసన వస్తుంది. మైదాలో ఉండే ఒక రకం బాక్టీరియా విత్తులు ఓవెన్ వేడిని కూడా తట్టుకుని, వేడీ తేమా ఉన్నచోట రెండో రోజుకే లేచి కూర్చుంటాయి. అదీ చెత్తబుట్టకే. డబ్బానీ, కత్తినీ, పలకనీ కడిగి వెనిగర్‌తో తుడవండి. ఎండాకాలం పిండిలో ఒక టీస్పూన్ వెనిగర్ కలిపితే ఇది రావడం తగ్గుతుంది, రుచి తెలియదు.

ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది కానీ బ్రెడ్ తొందరగా గట్టిపడుతుంది. అందుకే మేము మొదటి రోజు సరిపడా ఉంచుకుని, మిగిలింది ముక్కలు కోసి కవర్లో ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. సోమవారం పొద్దున్న స్కూల్ డబ్బాకి రెండు ముక్కలు తీసి అలాగే పెనం మీద వేస్తే ఐదు నిమిషాల్లో కాలి సిద్ధమవుతాయి. ఎవరి ఆకారం ఎవరి డబ్బాలోకి పోవాలన్న గొడవకి మాత్రం నా దగ్గర పరిష్కారం లేదు.