ఇంట్లో బండి వైరింగ్, 6వ పాఠం: కుడి నొక్కితే ఎడమ కూడా ఎందుకు వెలుగుతోంది?

ఈ పాఠంలో టెయిల్ ల్యాంపు మార్చడం మొదలుపెట్టాలి. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయినసారి వెనుక ఇండికేటర్లు తీసి ఎల్‌ఈడీవి బిగించుకున్నాం కదా, ఆ పని ఇంకా తెమలలేదు. కొందరికి ఇండికేటరు టకటకా కొట్టుకుంటోంది. కొందరికి ఒక పక్క అసలు వెలగడం లేదు. చాలామందికి కుడి వైపు స్విచ్ వేస్తే నాలుగూ కలిసి వెలుగుతున్నాయి. అందరి ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇప్పుడు ఏ సామాను కొనాలి?

ఏమీ కొనకండి, ముందు చూడండి. బ్యాటరీ నుంచి ఇండికేటరు దాకా కరెంటు ఎలా వెళ్తుందో అందరూ శ్రద్ధగానే చూశారు. అక్కడి నుంచి బ్యాటరీకి ఎలా తిరిగి చేరుతుందో ఎవరూ చూడలేదు. మీ తిప్పలు చాలావరకు ఆ తిరుగు దారిలోనే ఉన్నాయి.

సీటు విప్పడం, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి పక్కన పెట్టడం, వైరు తొక్క తీయడం మళ్లీ చెప్పను.

ముందుగా ఒక పక్క అసలు వెలగనివారు. వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. పాత బల్బుకు ప్లస్సు, మైనస్సు పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది. తిరగేసి కలిపితే సాధారణంగా పాడవదు, వెలగదు, అంతే. పది మందిలో తొమ్మిది మంది సంగతి ఇక్కడితో తేలిపోతుంది. మిగిలినవారు రంగును నమ్మి మోసపోయినవారు. ఆకుపచ్చ వైరు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్ చేరే తిరుగు దారి) అని ఎక్కడో విని, అదే అన్ని బండ్లకూ వర్తిస్తుందనుకున్నారు. హోండాలో ఆకుపచ్చ సాధారణంగా ఎర్త్ నిజమే. కవాసాకీలో అదే ఆకుపచ్చ ఎడమ ఇండికేటరు. యమహాలో ముదురు ఆకుపచ్చ కుడి ఇండికేటరు. నలుపు సంగతీ అంతే: యమహాలో అది ఎర్త్, సుజుకీలో ఎడమ ఇండికేటరు. సుజుకీలో ఎర్త్ నల్ల వైరే, కాకపోతే దాని మీద తెల్ల చార ఉంటుంది. ఒక బండి మీద నేర్చుకున్న రంగుల పట్టిక ఇంకో బండి మీద పనికిరాదు. బ్యాటరీ నెగటివ్ మళ్లీ కలిపి, టెస్ట్ ల్యాంపు (ఒక కొసన క్లిప్పు, ఇంకో కొసన మొన ఉండే చిన్న బల్బు) క్లిప్పును బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, ఇండికేటరు వేసి, మొనతో ఒక్కో వైరునూ ముట్టుకోండి. వెలిగి ఆరేదే ఇండికేటరు వైరు. మల్టీమీటర్‌ కన్నా ఈ పనికి నాకు టెస్ట్ ల్యాంపే ఇష్టం. తుప్పు పట్టిన కనెక్టర్ గుండా కూడా మల్టీమీటర్ నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు కరెంటే లాగదు. ల్యాంపు లాగుతుంది, కాబట్టి లోపం వెంటనే బయటపడుతుంది.

ఇక టకటకా కొట్టుకోవడం. ఇది లోపం కాదు. ఇండికేటరును వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే తన పని తాను చేస్తోంది. పాత బల్బులు 10 వాట్లవి అనుకుందాం. ఒక పక్క ముందూ వెనుకా కలిపి 20 వాట్లు, అంటే సుమారు 1.7 ఆంపియర్లు. వెనుకది తీసి ఒక వాటు ఎల్‌ఈడీ పెట్టారు, 11 వాట్లకు పడిపోయింది. ఒక బల్బు మాడిపోయిందని రిలే అనుకుంటుంది, మీకు తెలియాలని వేగం పెంచుతుంది. పాత తరహా రిలేలో వేడెక్కి వంగే లోహపు పట్టీ ఉంటుంది. దానికైతే ఈ కాస్త కరెంటుతో సరిపడా వేడి పుట్టదు, ఇండికేటరు వెలిగి అలాగే నిలిచిపోతుంది. ఐక్యరాజ్యసమితి 53వ వాహన నిబంధన ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. అది దాటితే వెనుక వచ్చేవారి కంటికి వణుకులా కనిపిస్తుంది, సైగలా కాదు.

దీనికి మందు ఎల్‌ఈడీ ఫ్లాషర్ రిలే. దీపాలు ఎంత కరెంటు లాగినా దానితో నిమిత్తం లేకుండా ఒకే వేగంతో పనిచేస్తుంది. పిన్నుల దగ్గర బి, ఎల్ అని అక్షరాలు ఉంటాయి: బి బ్యాటరీ వైపు, ఎల్ స్విచ్ వైపు. రెండు పిన్నుల రిలే తిరగేసి గుచ్చితే చాలా రకాలు పనిచేయవు. రిలే చెడిపోయిందని తిట్టుకునే ముందు పిన్నులు మార్చి చూడండి. మూడో పిన్ను గానీ, విడిగా వేలాడే నల్ల వైరు గానీ ఉంటే అది ఎర్త్‌కు. దాన్ని గాలిలో వదిలేసి రిలే పనిచేయలేదన్నవారు కూడా ఉన్నారు.

రిలే బదులు రెసిస్టర్ (పాత బల్బు అంత కరెంటు లాగి వేడెక్కే ముక్క) పెట్టుకున్నవారికి ఒక మాట. నాకు ఆ పద్ధతి నచ్చదు. కరెంటు ఆదా చేసే దీపం పెట్టి, ఆదా అయిన కరెంటును పక్కనే వేడిగా తగలేయడం అది. 10 వాట్ల బల్బు స్థానాన్ని భర్తీ చేసే 16 ఓముల రెసిస్టర్ మీద, ఇంజిను నడుస్తూ 14 వోల్టులు ఉన్నప్పుడు, వెలిగిన ప్రతి క్షణం 12 వాట్ల వేడి పుడుతుంది. 21 వాట్ల బల్బు బదులు పెట్టే 6.8 ఓముల దాని మీద దాదాపు 29 వాట్లు. సీటు కింద ప్లాస్టిక్‌ను ఆనుకుని ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది. అయితే కొన్ని కొత్త బండ్లలో ఫ్లాషర్ విడిగా ఉండదు, మీటర్ లోపలో, కంట్రోల్ యూనిట్‌లోనో కలిసిపోయి ఉంటుంది. వారికి సాధారణంగా రెసిస్టరే దారి. ఇండికేటరు రెండు వైర్ల మధ్య సమాంతరంగా కలిపి, లోహపు ఫ్రేము మీద బోల్టుతో బిగించండి. టేపుతో వైర్ల కట్టకు చుట్టవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నాలుగూ కలిసి వెలగడం.

పోయిన పాఠంలో వెనుకవి మాత్రమే మార్చమన్నాను. ఉత్సాహం ఆగక ముందువి కూడా మార్చినవారికే ఈ బాధ వచ్చింది. కారణం వెనుక లేదు, ముందూ లేదు, మీటర్‌లో ఉంది. మీటర్‌లో ఎడమకు ఒక బాణం, కుడికి ఒక బాణం విడివిడిగా వెలిగే బండి అయితే ఈ భాగం మీకు అక్కరలేదు. రెండు వైపులకూ కలిపి ఒకే చిన్న బల్బు వెలిగే బండి అయితే కదలకుండా చదవండి.

ఆ ఒంటరి బల్బుకు ఎర్త్ వైరు లేదు. ఒక కొస ఎడమ ఇండికేటర్ల లైనుకు, రెండో కొస కుడి ఇండికేటర్ల లైనుకు కలిపి ఉంటుంది. మీరు ఎడమ వేసినప్పుడు ఎడమ లైనులో 12 వోల్టులు వస్తాయి. అక్కడి నుంచి కరెంటు మీటర్ బల్బులోకి వెళ్తుంది, రెండో కొస నుంచి కుడి లైనులోకి దిగుతుంది, కుడి వైపున ఆరిపోయి ఉన్న ఇండికేటరు బల్బుల గుండా ఎర్త్ చేరుతుంది. అంటే మీటర్ బల్బుకు అవతలి పక్క ఇండికేటర్లే ఎర్త్. కుడి వేస్తే ఇదే కథ తిరగబడుతుంది.

పాత బల్బులతో ఇది ఎందుకు కనబడలేదు? మీటర్ బల్బు 1.7 వాట్లది అనుకుంటే దాని గుండా పారేది 0.14 ఆంపియర్. 10 వాట్ల బల్బు వెలగాలంటే 0.8 ఆంపియర్ కావాలి, అదీ ఒక్కోదానికి. పైగా చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం ఒక ఓము దరిదాపుల్లో ఉంటుంది, దానికి ఆ బొట్టు కరెంటు లెక్కే కాదు. ఎల్‌ఈడీ అలా కాదు. 0.14 ఆంపియర్ దానికి దాదాపు పూర్తి భోజనం. అవతలి పక్కవి వెలుగుతాయి, కాకపోతే కాస్త మసకగా. ముందు పాత బల్బులు ఉంచుకున్నవారికి ఇబ్బంది రాలేదంటే, కరెంటంతా ఆ ముందు బల్బు గుండానే సులువుగా ఎర్త్ చేరిపోయి, పక్కనే ఉన్న వెనుక ఎల్‌ఈడీకి ఏమీ మిగలలేదు. రెసిస్టర్లు పెట్టుకున్నవారికి రెండు రోగాలూ ఒకేసారి నయమైనట్టు కనిపించింది కూడా అందుకే. రెసిస్టర్ అదే సులువైన దారిగా పనిచేసింది.

నమ్మకం కుదరకపోతే మీటర్ వెనుక నుంచి ఆ చిన్న బల్బును హోల్డర్‌తో సహా లాగేయండి. ఇప్పుడు కుడి వేయండి. కుడి మాత్రమే వెలిగితే దొంగ దొరికినట్టే.

అలా లాగేసి వదిలేయవచ్చు కదా అంటారేమో. వద్దు. ఇండికేటరు ఆపడం మరచిపోయి పోతుంటే చెప్పేది అదొక్కటే.

సరైన మరమ్మతుకు కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు రెండు చాలు, 1ఎన్4007 రకం. ఒక ఆంపియర్ తట్టుకుంటుంది, మనకు అందులో ఏడో వంతు చాలు. నల్లని చిన్న గొట్టంలా ఉంటుంది, ఒక చివర వెండి గీత. కరెంటు గీత ఉన్న చివర నుంచి బయటికి వస్తుంది, ఆ చివర నుంచి లోపలికి పోలేదు. మీటర్ బల్బుకు వచ్చే రెండు వైర్లనూ విడదీయండి. ఒక్కో వైరుకు ఒక్కో డయోడు, గీత లేని చివర వైరుకు. గీత ఉన్న చివరలు రెండూ ఒకటిగా కలిపి బల్బు ఒక కొసకు. బల్బు రెండో కొస నుంచి కొత్తగా ఒక వైరు లాగి ఎర్త్‌కు. ఇప్పుడు ఎటు నుంచి వచ్చిన కరెంటైనా బల్బు గుండా ఎర్త్‌లోకే దిగుతుంది, అవతలి లైనులోకి దాటలేదు.

ఇంత చెప్పాక కూడా తప్పే వీలు ఉందని తెలుసు, అందుకే విడమరుస్తాను. డయోడును వెనుక ఇండికేటరు వైరులో వరుసగా పెట్టినవారు ఉన్నారు. ఉపయోగం లేదు, దొంగ కరెంటు కూడా అసలు కరెంటు వచ్చే వైపు నుంచే వస్తుంది, డయోడు దానికీ తలుపు తీస్తుంది. ఒకే డయోడు పెట్టినవారికి ఒక వైపు బాగుపడుతుంది, ఆ వైపు వేసినప్పుడు మీటర్ బల్బు వెలగదు. రెండో వైపు రోగం అలాగే ఉంటుంది. రెండూ పెట్టి ఎర్త్ వైరు మరచినవారికి నాలుగు కలిసి వెలగడం ఆగిపోతుంది, మీటర్ బల్బు కూడా ఆగిపోతుంది. గీతలు రెండూ వైర్ల వైపు తిప్పి, ఎర్త్ కూడా ఇస్తే మీటర్ బల్బు ఎప్పటికీ వెలగదు. మీ లక్షణం ఈ నాలుగింటిలో ఏదో చూసుకోండి, విప్పాల్సిన చోటు అదే.

హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది) తగిలించుకున్నవారికి ఇంకో లాభం ఉంది. పాత ఏర్పాటులో హజార్డ్ వేస్తే బల్బు రెండు కొసలకూ ఒకే 12 వోల్టులు చేరి, కరెంటు పారక మీటర్ బల్బు వెలిగేది కాదు. ఇప్పుడు వెలుగుతుంది.

మరో ఫిర్యాదు: బ్రేకు తొక్కి ఇండికేటరు వేస్తే టెయిల్ ల్యాంపు వెలుగు కూడా దాంతోపాటే తగ్గుతూ పెరుగుతోంది. ఎర్త్ బలహీనం. ఇండికేటరు, టెయిల్ ల్యాంపు ఒకే ఎర్త్ వైరు పంచుకుంటాయి, ఆ వైరు కొస తుప్పు పట్టి ఉంటుంది. లేదా పాతవి లోహపు కాడ గుండా ఫ్రేముకు ఎర్త్ తీసుకునేవి, మీరు కొత్తవి ప్లాస్టిక్ మడ్‌గార్డుకు బిగించి ఎర్త్ సంగతి మరచారు. మల్టీమీటర్ నల్ల మొన బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర మొన ఇండికేటరు ఎర్త్ వైరు మీద పెట్టండి. వెలిగినప్పుడు కూడా అంకె సున్నా దగ్గరే, 0.1 లోపు ఉండాలి. ప్రతి వెలుగుకూ 0.8, 1.1 అంటూ ఎగిరి పడుతుంటే ఆ ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు.

బిగింపు గురించి రెండు ముక్కలు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టినవి వానకు ఆగవు. నేనైతే సోల్డర్ కన్నా బుల్లెట్ కనెక్టర్ నొక్కి, మీద వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం వేస్తాను. బండి అదురుకు సోల్డర్ అంచున వైరు విరుగుతుంది. మడ్‌గార్డు కింద వేలాడే వైరు, ఇద్దరు కూర్చుని గుంతలో పడినప్పుడు టైరును తాకుతుందేమో చూడండి. పొట్టి కాడల ఇండికేటర్లు నంబరు ప్లేటుకు అంటుకుపోయేలా పెట్టవద్దు: ఆ 53వ నిబంధన వెనుక రెంటి లోపలి అంచుల మధ్య కనీసం 180 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. పొగ రంగు అద్దం ఉన్నవి కొన్నవారు మిట్టమధ్యాహ్నం ఎండలో పది అడుగుల వెనుక నిలబడి ఒకసారి చూసుకోండి.

అభ్యాసం. మీ బండి ఇండికేటరు వలయాన్ని కాగితం మీద గీయండి, పుస్తకంలోది కాదు, మీ వైర్లు చూసి. వెళ్లే దారి ఎర్ర సిరాతో, తిరుగు దారి నీలి సిరాతో. ఎడమ వేసినప్పుడు ఒకటి, కుడికి ఒకటి, హజార్డ్ ఉంటే మూడోది. తర్వాత నాలుగు ఇండికేటర్ల దగ్గరా ఎర్త్ మీద వోల్టేజీ కొలవండి, బ్రేకు తొక్కి ఒకసారి, తొక్కకుండా ఒకసారి, మొత్తం ఎనిమిది అంకెలు. చివరిగా బండి నిలబెట్టి, ఎడమ వెనుక ఇండికేటరు, టెయిల్ ల్యాంపు కలిసే ఎర్త్ కనెక్టర్‌ను కావాలని ఊడదీయండి. ఎడమ ఇండికేటరు వేస్తే ఏది వెలుగుతుంది, ఏది వెలగదు, బ్రేకు కూడా తొక్కితే ఏమవుతుంది? స్విచ్ వేయకముందే బొమ్మ చూసి జవాబు రాయండి. రాసినదీ జరిగినదీ కలవకపోతే బొమ్మలో ఎక్కడో ఒక నీలి గీత తక్కువైంది. అది దొరికేదాకా టెయిల్ ల్యాంపు జోలికి వెళ్లవద్దు, వచ్చే పాఠం ఆ బొమ్మ మీదే మొదలవుతుంది.