భోజనాల బల్లకు జానెడు ఎత్తు పూలగిన్నె

మూడేళ్ల కిందట మా అమ్మాయి అత్తమామలు మొదటిసారి హైదరాబాద్ నల్లకుంటలోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. బల్ల మధ్యలో పొడవాటి గాజు కూజా పెట్టి నిండా లిల్లీ కాడలు అమర్చాను. వడ్డన మొదలయ్యాక చూస్తే, ఎదురుగా కూర్చున్న వదినగారు నాతో మాట్లాడటానికి మాటిమాటికీ పక్కకు ఒరుగుతున్నారు. ఆ కూజా తీసి అలమార మీద పెట్టేశాను. అప్పటి నుంచి బల్ల మీద పూలను జానెడు ఎత్తు దాటనివ్వను. మోచెయ్యి బల్లకు ఆనించి గడ్డం కింద పిడికిలి పెట్టుకోండి. పూలు ఆ పిడికిలికి కిందే ఉండాలి. గిన్నె ఎత్తు కూడా ఆ లెక్కలోదే.

నేను వాడేది మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె. ఎనిమిది అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల లోతు. ముందు రోజే చింతపండుతో తోమి ఆరబెడతాను. ఇత్తడి లేకపోతే స్టీలు గిన్నెకు అరటాకు చుట్టి దారం కట్టండి, చాలు.

పూలకు మెహదీపట్నం పక్కనున్న గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాను. పూల మార్కెట్ జాంబాగ్‌లో ఉన్న రోజుల్లో మాకు దగ్గర. ఇప్పుడు మెహదీపట్నం దాకా వెళ్లాలి. అయినా ఎండెక్కక ముందే వెళ్తే చేవెళ్ల, మొయినాబాద్ వైపు తోటల పూలు తాజాగా దొరుకుతాయి. పావు కిలో ముద్దబంతి, పావు కిలో పసుపు చామంతి, ఆరు లిల్లీ కాడలు, బతుకమ్మ రోజులైతే ఒక కట్ట గునుగు. బంతిపువ్వును తిరగేసి చూడండి. అడుగున పచ్చటి తొడిమ గట్టిగా ఉంటే కొత్తది, మెత్తబడి నల్లబారితే నిన్నటిది. నీళ్లు చల్లి బరువెక్కించిన పూలు వద్దు, సాయంత్రానికి కుళ్లు వాసన వస్తాయి. కాస్త తడి ఉన్నా ఇంటికి రాగానే పాత పంచె మీద పరచండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మన దగ్గర కిలోల లెక్కన అమ్మే బంతి, చామంతులకు కాడలుండవు. వాటిని నిలబెట్టడానికి నేను అరటి బోదె, కొబ్బరి ఈనెలు వాడతాను. ఆకుపచ్చ స్పాంజి కూడా అమ్ముతారు. అది ప్లాస్టిక్ సరుకు, మట్టిలో కలవదు, పొడి రాలుతుంది. అన్నం తినే చోట అది నాకు నచ్చదు.

బోదెను రెండు అంగుళాల మందాన చక్రంలా కోయండి. గిన్నెలో బిగుతుగా పట్టాలి. వదులుగా ఉంటే పొరలు విడిపోతాయి, అప్పుడు చుట్టూ దారం కట్టాలి. అడుగున అంగుళం లోతు నీళ్లు పోయండి. కోసిన ముఖం కాసేపట్లోనే గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి ముందుగా అంచు చుట్టూ మామిడాకులో, మరువమో గుచ్చి కప్పేయాలి.

ఇక ఈనెలు. నాలుగంగుళాల ముక్కలుగా విరవండి. బంతిపువ్వు తొడిమ మధ్యలో ఈనె మొన ఆనించి, వేళ్ల మధ్య తిప్పుతూ లోపలికి పోనివ్వండి. ఒక్కసారిగా పొడిస్తే తొడిమ చీలి రేకలన్నీ చేతిలోకి వస్తాయి. అంచున బంతి, వాటి పైవరసలో చామంతి, మధ్యలో కాస్త ఎత్తుగా గునుగు. పూవుకూ పూవుకూ మధ్య వేలు దూరేంత సందు ఉంచండి, ఇరికించినట్టు ఉండకూడదు.

లిల్లీల పని వేరు. అవి నీళ్లు తాగాలి. రాగానే కింది ఆకులు తీసేసి, కాడను బకెట్ నీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే చివరను ఏటవాలుగా కోయండి. గాలిలో కోస్తే కాడలోకి గాలి చేరి నీరు పైకి ఎక్కడం తగ్గుతుంది. రెండు గంటలు అలాగే వదిలి, తర్వాత పొట్టిగా కత్తిరించండి. మెత్తటి కాడ బోదెలోకి నేరుగా దిగదు, ముందు అగరుబత్తి పుల్లతో కన్నం చేసుకోవాలి. పొద్దు గూకాక లిల్లీ వాసన పెరుగుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఆరు కాడలు పెట్టినా, రాత్రికైతే రెండే పెడతాను. గుత్తివంకాయ కూర పక్కన కూర వాసనే రావాలి. మల్లెలను కూడా అందుకే బల్ల మీద పెట్టను. గన్నేరు మాత్రం ఏ పూటా వద్దు, ఆ చెట్టంతా విషమే.

అరటిపండ్ల గెల పక్కన ఈ గిన్నె పెట్టకండి. పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు త్వరగా వాడతాయి. ఫ్యాను గాలి సూటిగా తగిలినా అంతే.

ఈనెలకు గుచ్చిన పూలు నీళ్లు తాగలేవు కనుక పూటకోసారి తడి చేత్తో చిలకరించాలి. మర్నాటికి బంతి వాడితే రేకలు తులసికోట మట్టిలో కలుపుతాను. గునుగును పారేయకండి. తలకిందులుగా వేలాడదీసి ఆరబెడితే రంగు కాస్త తగ్గినా ఆకారం చెడదు. మా ఇంట్లో అది పొడి చెంబులో సంక్రాంతి దాకా ఉంటుంది.