ఎత్తుల పటం నేర్చుకుందాం – 4వ పాఠం: కొత్త పటంలోంచి పాతది తీసేస్తే

పోయిన పాఠంలో చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఐదు మీటర్లకొక పాయింటు చొప్పున లెవల్స్, అంటే నేల ఎత్తులు తీసి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల పటం చేశాం. ఈసారి అదే చెరువుకు ఏడాది తేడాతో తీసిన రెండు పటాలు పక్కపక్కన పెట్టుకోండి. అందులో పటాల మీద లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో కొత్తదానిలోంచి పాతది తీసేయాలి. ప్లస్ వచ్చినచోట మట్టి చేరింది, మైనస్ వచ్చినచోట పోయింది. చేరినదానికి నీలం, పోయినదానికి ఎరుపు ఇవ్వండి.

విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం కోసుకుపోయిన ఒడ్డును, పోర్టు దగ్గర డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకతో నింపుతుంటారు. పోసినదాంట్లో ఎంత నిలిచిందో తేల్చడానికి పనికొచ్చేది ఈ తీసివేతే. నెదర్లాండ్స్‌లో 2011లో తీరం పక్కన 2.15 కోట్ల ఘనమీటర్ల ఇసుక పోసి, అలలు దాన్ని ఎటు తోస్తున్నాయో ఏళ్ల తరబడి ఇలాగే కొలిచారు. వరంగల్‌లో మనకు సముద్రం లేదు గానీ, మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులకు కొదవ లేదు.

ఒక పాయింటు చూద్దాం. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గోడ) రాయి ఎత్తును 100.000 మీటర్లు అనుకున్నాం. దాని మీద నిలబెట్టిన స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) రీడింగు 1.420, అంటే లెవల్ (మనం చూసే పరికరం) ఎత్తు 101.420. శిఖంలో రీడింగు 2.935, కాబట్టి అక్కడి నేల 98.485. పోయినేడు అదే చోట 98.310. పదిహేడున్నర సెంటీమీటర్ల పూడిక చేరిందన్నమాట. బురదలో స్టాఫ్ దిగబడకుండా కింద ఇనుప రేకు పెట్టడం మరవొద్దు.

ఇక నేను చేసిన తప్పు. పరకాల వైపు ఒక పదెకరాల చెరువుకు కట్ట మీది రాయినే బెంచ్ మార్క్‌గా, అంటే ఎత్తులన్నీ లెక్కగట్టే స్థిరమైన గుర్తుగా పెట్టుకున్నాను. రెండో ఏడు తీసివేత చేస్తే స్క్రీనంతా నీలమే! ఇంత పూడికా అని టెన్షన్ పడి చూస్తే, మత్తడి గోడ కూడా ఐదు సెంటీమీటర్లు పెరిగినట్టుంది. రాతిగోడ పెరగదు కదా. కట్ట మట్టి దిగి నా రాయే కుంగింది. పదెకరాలంటే సుమారు 40,470 చదరపు మీటర్లు. దాని మీద ఐదు సెంటీమీటర్లంటే 2,000 ఘనమీటర్లు దాటుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి మూడు ఘనమీటర్లు వేసుకున్నా 670 ట్రిప్పుల మట్టి, అదీ లేని మట్టి!

ఒక్కో పాయింటులో దొర్లే తప్పులు కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువగా ఉంటాయి కనుక మొత్తం లెక్కలో చాలావరకు సర్దుకుంటాయి. బెంచ్ మార్క్ తప్పితే మాత్రం చెరువు చెరువంతా ఒక్కసారే పైకి లేస్తుంది.

అయినా పాయింటు స్థాయిలో ఒక హద్దు పెట్టుకోవాలి. ఒక్కో సర్వేలో తప్పు మూడు సెంటీమీటర్లయితే, తేడాలో తప్పు ఆరు కాదు. మూడు వర్గం తొమ్మిది; రెండు సర్వేలకు తొమ్మిది, తొమ్మిది కలిపి వర్గమూలం తీస్తే 4.2. దాన్ని 1.96తో (95 శాతం నమ్మకానికి వాడే అంకె) గుణిస్తే 8.3 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్న తేడాకు రంగు ఇవ్వకండి, తెల్లగా వదిలేయండి.

రేగడి నేలైతే ఇంకో తిరకాసు ఉంది. తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగి బీటలు వారుతుంది. అందుకే రెండు సర్వేలూ ఒకే నెలలో, నేల ఒకే తీరుగా ఎండినప్పుడు చేయాలి. బీచ్‌లోనూ అంతే. పెద్ద అలల కాలంలో పొడి ఒడ్డు తరిగిపోతే, ఆ ఇసుక చాలావరకు నీళ్లకింద దిబ్బగా చేరి ఉండొచ్చు. పొడి ఒడ్డునే కొలిచినవాడు ఇసుకంతా కొట్టుకుపోయిందని రాసేస్తాడు. నీళ్లలోపల కూడా కొలవందే లెక్క కుదరదు.

ఇంటిపని: మత్తడి రాయి రెండేళ్లూ 100.000 అనే పెట్టుకున్నారు. తూము రాయి పోయినేడు 101.250, ఈ యేడు 101.285. శిఖంలో ఒక పాయింటు 98.400 నుంచి 98.435కి పెరిగింది. అక్కడ పూడిక ఎంత చేరింది? జవాబు వచ్చే పాఠంలో చూద్దాం.